మన బడి నుంచి జర్మనీ వార్డు దాకా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 వెనక వేపచెట్టు కింద మా బ్యాచ్ వాళ్లు నిలబడ్డారు. మా బ్యాచ్ అప్పుడూ అక్కడే నిలబడేది, ప్రార్థనకి ఆలస్యంగా వచ్చి.

కార్యదర్శిగారు నాకు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, పిల్లలకి పనికొచ్చే మాటలు నాలుగు చెప్పు" అన్నారు. ఇంజనీరింగ్ గురించి ఈ ఊళ్లో కొత్తగా చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ప్రతి ఇంట్లో ఒక ఇంజనీరున్నాడు. కొన్ని ఇళ్లలో ఇద్దరున్నారు, వాళ్లలో ఒకరికి ఉద్యోగం కూడా ఉంది. అందుకని నేను మా మేనకోడలి గురించి చెబుతానన్నాను. తనూ ఈ బడి పిల్లే. 2015లో ఇక్కడే పదో తరగతి పాసైంది. ఇప్పుడు జర్మనీలో నర్సు. చదువు పూర్తవగానే విదేశం వెళ్లాలనుకున్న ఒక నర్సుకి ఏమేం ఎదురవుతాయో నేను దగ్గరగా చూశాను. అందులో నేను చేసిన తప్పు కూడా ఒకటుంది. అది కూడా చెబుతాను.

ముందుగా ఒక చిన్న ఫిర్యాదు. మన సంఘం పాత సంచికలో చిరునామాల పట్టిక ఉంది. డాక్టర్లు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు, వ్యాపారులు, రైతులు అని విడివిడిగా వేశారు. నర్సులు ఎక్కడున్నారా అని వెతికితే 'ఇతరులు' అన్న శీర్షిక కింద కనపడ్డారు. ఈసారి మార్చామని కార్యదర్శిగారు అంటున్నారు. సంచిక చేతికొచ్చాక చూస్తాను.

నర్సు చదువు మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. గుంటూరులో కుగ్లర్ ఆస్పత్రి 1898లో మొదలైంది. మిషన్ ఆస్పత్రుల్లో పని నేర్చుకున్న నర్సులు మన అమ్మమ్మల కాన్పులు చూశారు. కేరళ నుంచి 1960లలోనే చర్చిల ద్వారా అమ్మాయిలు జర్మనీ వెళ్లి నర్సులయ్యారు. అక్కడ ఇంట్లో ఒక కూతురు నర్సయితే పెద్దలు గర్వంగా చెప్పుకునేవారు. మన దగ్గర మాత్రం "రాత్రి డ్యూటీలు చేసే పిల్ల" అని గొంతు తగ్గించి చెప్పుకునేవారు. నేనూ అందుకు మినహాయింపు కాదు. నీట్‌లో మంచి ర్యాంకు రాక మా మేనకోడలు బీఎస్సీ నర్సింగ్‌లో చేరతానన్నప్పుడు, "అగ్రికల్చర్ బీఎస్సీ చెయ్యమ్మా, గౌరవంగా ఉంటుంది" అన్నాను. అది నా మాట వినలేదు.

2021లో చదువు పూర్తయింది. కరోనా రెండో విడత అప్పుడే నడుస్తోంది. చివరి సంవత్సరం పిల్లల్ని కూడా వార్డుల్లో వేశారు. ఆ మూడు నెలల్లో అది నాలుగేళ్ల పని చూసింది. చేతిలో డిగ్రీ, స్టేట్ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉన్నాయి. ప్రైవేటు ఆస్పత్రికి వెళ్తే 12 వేలు ఇస్తామన్నారు. మా చెల్లెలికి రెండెకరాల మిర్చి తప్ప వేరే ఆధారం లేదు. ఆ ఏడాది తామర పురుగు మిర్చిని తినేసింది. అప్పుడే ఇంట్లో జర్మనీ మాట మొదలైంది.

ఇక్కడే నేను రంగంలోకి దిగాను. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ గురించి నా తోటి ఉద్యోగి చెప్పాడు. ఏసీ గది, గోడ నిండా విమానమెక్కుతున్న అమ్మాయిల ఫొటోలు. ఆరు నెలల్లో జర్మనీ అన్నారు. మూడు లక్షల యాభై వేలు అన్నారు. పదకొండు పేజీల ఒప్పందం ముందు పెట్టారు. నేను ముప్పై ఏళ్లుగా టెండర్ డాక్యుమెంట్లు చదివి బతికేవాణ్ని. సిమెంటు బస్తా మీద రూపాయి తేడా వస్తే ఏ క్లాజు కింద వచ్చిందో చెప్పగలను. అలాంటి నేను ఆ పదకొండు పేజీల్లో నాలుగో పేజీ దగ్గర ఆగిపోయాను. అందులోని ఇంగ్లీషు నాకు అర్థం కాలేదు. ఎదురుగా ఉన్న కుర్రాడు, "మీరు ఇంజనీరు కదా సార్, మీకు చెప్పేదేముంది" అన్నాడు. నేను అర్థమైనట్టు తల ఊపాను. మా చెల్లెలు నా ముఖం చూసి సంతకం పెట్టింది. నాలుగు గాజులు తాకట్టు పెట్టి రెండు లక్షలు తెచ్చింది. మిగతాది నేను వేశాను. పిల్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్లే తీసుకున్నారు, "ప్రాసెసింగ్ కోసం" అని.

నాలుగో పేజీలో ఏముందో ఏడాది తర్వాత తెలిసింది. మధ్యలో మానేస్తే ఐదు లక్షలు కట్టాలి. కట్టేదాకా సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉంటాయి.

భాష తరగతి ఎలా ఉండేదంటే, ఒక గదిలో అరవై మంది. చెప్పే అమ్మాయి తాను పాసైన మెట్టు కంటే ఒక మెట్టు ముందే ఉంది. ఐరోపాలో భాష స్థాయిని ఏ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లుగా కొలుస్తారు. నర్సుకి జర్మనీలో పూర్తి గుర్తింపు రావాలంటే మామూలుగా నాలుగో మెట్టు, బి2, కావాలి. సున్నా నుంచి అక్కడికి చేరడానికి 600 నుంచి 800 పీరియడ్లు పడుతుందని భాష నేర్పే సంస్థలే చెబుతాయి. రోజుకి రెండు పీరియడ్లు చెబుతూ ఆరు నెలల్లో జర్మనీ ఎలా పంపుతారో భాగహారం తెలిసిన వాడెవడైనా అడగాలి. నాకు భాగహారం వచ్చు. ఈ బడిలోనే నేర్చుకున్నాను. అడగలేదు.

పదకొండు నెలల తర్వాత "ఆ ఆస్పత్రిలో ఖాళీలు నిండిపోయాయి, ఇంకో దేశం చూద్దాం" అన్నారు. నేను వకీలు దగ్గరికి వెళ్దామన్నాను. మా మేనకోడలు ఒక డబ్బాలో పెరుగన్నం పెట్టుకుని ఒక్కతే హైదరాబాద్ బస్సెక్కింది. ఆ ఆఫీసు తెరిచే వేళకి వెళ్లి, వచ్చేవాళ్లంతా చూసే కుర్చీలో కూర్చుని, మూసే వేళకి లేచింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఫీజు కట్టడానికి కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు, "ఏం తల్లీ, నువ్వూ జర్మనీయేనా?" అని అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పింది. మూడో రోజు మధ్యాహ్నం సర్టిఫికెట్లు, లక్ష రూపాయల చెక్కు ఇచ్చి పంపారు. "విసుగు రాలేదా?" అని అడిగాను. "నైట్ డ్యూటీలు చేసినదాన్ని మామయ్యా, కూర్చోవడం నాకొక లెక్కా" అంది.

మిగతా రెండున్నర లక్షలు పోయాయి. గాజుల అప్పు మీద వడ్డీ నేను కట్టాను. మా చెల్లెలు నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు కష్టమైంది.

తల్లిదండ్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఈ ముక్క కాస్త నిలబెట్టి చెబుతాను. విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని పంపే ఏజెంటుకి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. 1983 నాటి వలస చట్టం ఉంది. లైసెన్సున్న ఏజెంట్ల జాబితా ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుముకి 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ అని హద్దు ఉంది. మూడున్నర లక్షలు అడిగినవాడి దగ్గర ఆ ఒక్క మాట గుర్తు చేసుకుని ఉంటే నేను లేచి వచ్చేవాణ్ని. కువైట్, సౌదీ లాంటి 18 దేశాలకి వెళ్లే నర్సుల నియామకం ప్రభుత్వ సంస్థల ద్వారా జరగాలని 2015లో కేంద్రం నిబంధన పెట్టింది, నర్సుల దగ్గర లక్షలకి లక్షలు గుంజుతున్నారనే. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్ అని ప్రభుత్వ సంస్థలున్నాయి. జర్మనీలో విదేశీ నర్సుల నియామకానికి ఒక ప్రభుత్వ నాణ్యతా ముద్ర ఉంది. అది పొందిన సంస్థలు నర్సు దగ్గర రుసుము తీసుకోకూడదు, ఖర్చు పిలిపించుకునే ఆస్పత్రి పెట్టుకోవాలి. ఇంగ్లండులోనూ నర్సు దగ్గర డబ్బు తీసుకోకూడదన్న నియమావళి ఉంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. చూపించండి, నకలు ఇవ్వండి, తిరిగి సంచిలో పెట్టుకోండి.

తర్వాత అది విజయవాడలో ఒక ఆస్పత్రిలో 16 వేలకి చేరింది. రాత్రి డ్యూటీ దిగి, పొద్దున్న తొమ్మిదింటికి ఆన్‌లైన్‌లో భాష తరగతి, మధ్యాహ్నం నిద్ర. ఆ ఉద్యోగం దండగ అని అప్పుడు అనుకున్నాను. కానీ వార్డు పని చేతికి బాగా పట్టాకే కొత్త భాషలో ఆ పని చేయొచ్చు. రెండూ ఒకేసారి నేర్చుకోవాలంటే మనిషి నలిగిపోతుంది. ఇది నా మాట కాదు, దానిది. కాలేజీ నుంచి నేరుగా వెళ్లిన తన స్నేహితురాళ్లని చూసి చెప్పిన మాట.

బి2 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలు. ఒక్కొక్క దాంట్లో నూటికి అరవై రావాలి. చెన్నైలో మాక్స్‌ముల్లర్ భవన్‌లో రాసింది. మూడు భాగాలు పోయినసారే పాసైంది, వినడంలో తప్పింది. మళ్లీ రాసి పాసైంది. వినడం ఎందుకు కష్టమైందో అప్పుడు నాకు తెలియలేదు. ఆ సంగతి మళ్లీ వస్తుంది.

కాగితాల దగ్గర ఇంకో చిక్కు. ఇది ఉపాధ్యాయులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. పదో తరగతి మెమోలో దాని ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంది. డిగ్రీలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, కానీ చివర ఉంది. పాస్‌పోర్టులో పేరు రెండు ముక్కలైంది. మనకి ముగ్గురూ ఒక్కరే. జర్మనీ అధికారికి ముగ్గురు వేరు వేరు అమ్మాయిలు. అఫిడవిట్లు, వాటికి ప్రమాణం చేసిన అనువాదకులతో జర్మన్ అనువాదాలు, మళ్లీ తిరుగుడు. నాలుగు నెలలు పట్టింది. దాని మూలం మన బడి ప్రవేశ రిజిస్టరులో ఒక లైను. అది మాస్టార్ల తప్పనడం లేదు, మనమే అలా చెప్పాం, "ఇంటిపేరు ఒక అక్షరం చాలులెండి" అని. పదో తరగతి పేర్ల జాబితా పంపేటప్పుడు ఇంటిపేరు పూర్తిగా రాయించండి. తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి ఆధార్‌తో అక్షరం అక్షరం సరిచూడండి. ఒక పావుగంట పని.

2024 మార్చిలో వెళ్లింది. డుసెల్డార్ఫ్ నుంచి రైల్లో గంట దూరంలో చిన్న పట్టణం. శంషాబాద్‌లో విమానమెక్కించి వచ్చాక మా చెల్లెలు, "ఇక నర్సయిపోయింది" అంది. నిజానికి అప్పటికి అక్కడ అది నర్సు కాదు. జర్మనీలో నర్సు చదువు మూడేళ్లు. 2100 గంటల పాఠం, 2500 గంటల ప్రాక్టికల్. మనవాళ్ల చదువుని వాళ్ల చదువు పక్కన పెట్టి గంటలు లెక్కేస్తారు. మన దగ్గర కాన్పులు, గ్రామాల్లో ఆరోగ్య సేవ ఎక్కువ నేర్పుతారు. ముసలివాళ్ల సంరక్షణ తక్కువ. వాళ్లకి ముసలివాళ్లే ఎక్కువ. ఏవి తక్కువయ్యాయో రాసి ఒక పత్రం ఇస్తారు. ఆ లోటు పూడ్చడానికి పరీక్ష రాయొచ్చు, లేదా ఆస్పత్రిలో శిక్షణ కాలం పూర్తి చెయ్యొచ్చు. ఇది శిక్షణ ఎంచుకుంది. పది నెలలు పట్టింది. అప్పటిదాకా హోదా సహాయకురాలే, జీతమూ సహాయకురాలిదే. నాలుగేళ్లు చదివి, కరోనా వార్డు చూసి వచ్చిన పిల్ల మళ్లీ విద్యార్థినిగా మొదలుపెట్టింది. అక్కడికి వెళ్లే ప్రతి కొత్త నర్సుకీ ఇది తగిలే మొదటి దెబ్బ. ముందే తెలిస్తే నొప్పి కాస్త తక్కువ.

రెండో దెబ్బ పని దగ్గర. మన ఆస్పత్రుల్లో రోగికి ఒళ్లు తుడిచేది, తినిపించేది, బెడ్‌పాన్ పెట్టేది ఆయా, లేకపోతే పక్కన కూర్చున్న కూతురో కోడలో. సిస్టర్ ఇంజక్షన్ ఇస్తుంది, సెలైన్ పెడుతుంది, కేస్ షీట్ రాస్తుంది. జర్మనీలో రోగి పక్కన ఇంటివాళ్లు పడుకోరు. చూడ్డానికి వచ్చి వెళ్లిపోతారు, కొందరికి ఆ వచ్చేవాళ్లూ ఉండరు. స్నానం, తిండి, పక్క మీద అటూ ఇటూ తిప్పడం అంతా నర్సే చేస్తుంది. రక్తం తీయడం, నరానికి సూది గుచ్చడం చాలాచోట్ల డాక్టర్ల పని. మొదటి వారం ఫోన్లో ఏడ్చింది. "మామయ్యా, సెలైన్ పెట్టడంలో మా బ్యాచ్‌లో నేనే ఫస్టు. ఇక్కడ ఆ సూదే నా చేతికి ఇవ్వరు. పొద్దున్నే ఆరుగురికి స్నానం చేయిస్తున్నాను" అంది. నాకు కోపం వచ్చింది. దీనికా నా చెల్లెలి గాజులు తాకట్టు పెట్టింది అనుకున్నాను.

రెండు మూడు నెలల తర్వాత అదే చెప్పింది. స్నానం చేయిస్తున్నప్పుడే నడుము కింద చర్మం ఎర్రబడుతోందా అన్నది కనిపిస్తుందట. పుండు పడకముందు పట్టుకోవచ్చు. కాలు ఉబ్బిందా, నిన్నటికంటే ఊపిరి బరువుగా ఉందా, నిలబెడితే ఎటు ఒరుగుతున్నారు, అంతా ఆ పది నిమిషాల్లో తెలుస్తుంది. ఈ మాట నాకు వెంటనే ఎక్కింది. రోజూ స్లాబు మీద నడిచే సూపర్‌వైజర్‌కి కనిపించే పగులు ఆఫీసులో డ్రాయింగ్ చూసే నాకు కనిపించదు.

అక్కడ పేరు పెట్టి పిలుచుకుంటారట, సిస్టర్ అనరు. ముసలివాళ్లు మాత్రం ఇంకా "ష్వెస్టర్" అంటారు. అంటే సిస్టరే. మొదటిసారి ఆ పిలుపు విన్న రోజు దానికి ఇల్లు గుర్తొచ్చిందట.

ఇప్పుడు అసలు సంగతి. వెళ్లిన మూడో నెల. డ్యూటీ మారేటప్పుడు ఒక నర్సు ఇంకొకరికి రోగుల సంగతులు అప్పజెబుతుంది. మన దగ్గరా ఉంది. అక్కడ దాన్ని యూబర్‌గాబె అంటారు. పదిహేను నిమిషాల్లో ఇరవై మంది రోగుల కథ. పొడి అక్షరాలు, ఆ ప్రాంతం యాస, వేగం. పరీక్షలో వినిపించే రికార్డింగుల్లో కొన్ని రెండోసారి వేస్తారు, వార్డులో వెయ్యరు. తుంటి ఎముక విరిగిన ఒక పెద్దాయన గురించి చెబుతూ ఆ నర్సు "న్యుష్టెర్న్" అన్న మాట వాడింది. మా పిల్లకి ఆ మాట తెలుసు. పుస్తకంలో చదువుకుంది. తాగిన మత్తులో లేనివాడు అని. ఆ పెద్దాయన తాగలేదట, మంచిదే అనుకుని తల ఊపింది. ఆ మాటకి ఇంకో అర్థం ఉంది. ఖాళీ కడుపుతో ఉండాలి అని. ఆ పొద్దున ఆయనకి ఆపరేషన్. ఈ పిల్ల తోటి రోగులతో పాటు ఆయనకీ బ్రెడ్డు, జామ్, కాఫీ పెట్టింది. ఆయన సంతోషంగా తిన్నాడు.

థియేటరు నుంచి పిలుపు వచ్చింది. ఏమైనా తిన్నారా అని అడిగితే తిన్నానన్నాడు. ఆపరేషన్ ఆగింది. విరిగిన ఎముకతో ఆ మనిషి ఇంకొక రోజు నొప్పి పడ్డాడు. ఎవరూ అడగకముందే ఇది వెళ్లి వార్డు పెద్దకి, "టిఫిన్ నేనే పెట్టాను" అని చెప్పింది. ఆమె అరవలేదట. జరిగింది రాయించుకుని, "ఆ మాటకి అర్థం తెలియకపోతే ఎందుకు అడగలేదు?" అని అడిగింది. దీనికి జవాబు దొరకలేదు.

ఆ రాత్రి నాకు ఫోన్ చేసింది. ఇంటికి పంపించేస్తారేమోనని భయం. నేను మామూలుగా మేనమామలు చెప్పే మాటే చెప్పాను, "నీ తప్పేం లేదమ్మా, వాళ్లు వివరంగా చెప్పాల్సింది" అని. "కాదు మామయ్యా" అంది. "ఆ మాట తెలుసనుకున్నాను, అది వేరు. కానీ ఇన్నాళ్లూ తెలియని మాటలకి కూడా తలూపుతూనే ఉన్నాను. రోజుకి పదిసార్లు. ఇంత చదువుకుని వచ్చి అర్థం కాలేదంటే ఏమనుకుంటారో అని."

నాకు ఆ పదకొండు పేజీల ఒప్పందం, నాలుగో పేజీ గుర్తొచ్చాయి. ఆ రోజు ఏసీ గదిలో తల ఊపింది నేను. ఆ రాత్రే దానికి మొదటిసారి చెప్పాను, నాలుగో పేజీ నాకు అర్థం కాలేదని. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత నవ్వింది. "అమ్మకి చెప్పావా?" అంది. చెప్పలేదన్నాను. తర్వాత చెప్పాను లెండి.

మా లెక్కల మాస్టారు ఇక్కడే ముందు వరసలో ఉన్నారు. ఆయన ప్రతి లెక్క అయ్యాక "అర్థమైందా?" అనేవారు. నలభై గొంతులు "అయ్యింది సార్!" అనేవి. ఆ నలభైలో ముప్పై అబద్ధాలు. మాస్టారు కొట్టేవారు కాదు, అడిగితే మళ్లీ చెప్పేవారు. మా భయం ఆయనంటే కాదు, వెనక బెంచీ నవ్వు. ఆ వెనక బెంచీలో నేనూ నవ్వాను, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ తర్వాత వార్డులో తను ఒక పద్ధతి పెట్టుకుంది. విన్నది తిరిగి చెప్పడం. "నాలుగో గది, తుంటి ఆపరేషన్, ఏమీ తినకూడదు, తాగకూడదు, సరేనా?" అని. మొదట్లో సమయం పడుతుందని కొందరు విసుక్కున్నారట. ఒకసారి అలా తిరిగి చెప్పినప్పుడు, చెప్పిన నర్సే గది నంబరు తప్పు చెప్పిందని తేలింది. ఆ తర్వాత విసుగు తగ్గింది.

2025 జనవరిలో గుర్తింపు పత్రం వచ్చింది. ఇప్పుడు అది ఫ్లేగెఫాహ్‌ఫ్రావ్. అంటే నర్సు. పలకడానికి నాకు రెండు రోజులు పట్టింది.

డబ్బు సంగతి అందరూ అడుగుతారు కాబట్టి రెండు మాటలు. యూరోని రూపాయలతో గుణించి చూడకండి. పెళ్లికాని వాళ్లకి జీతంలో దాదాపు మూడో వంతు పన్నుకి, ఆరోగ్య బీమాకి, పింఛనుకి పోతుంది. అద్దె ఉంది. ఇంట్లో టీవీ ఉన్నా లేకపోయినా నెలకి 18 యూరోల 36 సెంట్లు ప్రసార రుసుము కట్టాలి. ఇది విని మా బావ, "టీవీ లేకపోయినా ఎందుకు?" అని వారం రోజులు వాదించాడు, మాతోనే. మొదటి ఏడాది జీతం చూసుకుని ఇక్కడ రెండో అంతస్తు మొదలుపెట్టిన ఇళ్లు నాకు తెలుసు. సహాయకురాలి జీతం మీద స్లాబు వెయ్యకూడదు. ఇంజనీరుగా ఈ మాట మాత్రం ధైర్యంగా చెప్పగలను. మా వాళ్లు ఏడాదిన్నర పాటు దాని దగ్గర పైసా తీసుకోలేదు. తర్వాత అదే పంపి గాజులు విడిపించింది. ఒంటరితనం గురించి అది ఎక్కువ చెప్పదు. ఆదివారం కొట్లన్నీ మూస్తారు, ఆ రోజు ఫోన్ ఎక్కువసేపు మాట్లాడుతుంది, అంతవరకే నాకు తెలుసు.

రాత్రి డ్యూటీలు చేసే పిల్లకి సంబంధాలు రావన్న మా దూరపు బంధువు ఒకాయన మొన్న వాళ్ల అబ్బాయి ఫొటో పంపాడు. అబ్బాయి ఇంజనీరు.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు హెడ్మాస్టరుగారు దాన్ని పదో తరగతి ఆడపిల్లలతో మాట్లాడించారు. నేను వెనక కూర్చున్నాను. జర్మనీ ఎలా ఉంటుంది, మంచు పడుతుందా, జీతమెంత, అన్నీ అడిగారు. చివర్లో కిటికీ పక్కన కూర్చున్న ఒక చిన్న పిల్ల లేచి, "అక్కా, అక్కడ చచ్చిపోయినవాళ్లకి కూడా నువ్వే స్నానం చేయిస్తావా?" అంది. క్లాసంతా నవ్వింది. ఇది నవ్వలేదు. "చేయిస్తాను" అంది. "ముఖం తుడుస్తాం, జుట్టు దువ్వుతాం, మంచి బట్టలేస్తాం. ఇంటివాళ్లు వచ్చేసరికి పడుకున్నట్టు ఉండాలి. తర్వాత కిటికీ తెరుస్తాం."

"కిటికీ ఎందుకు?" అంది ఆ పిల్ల.

"నేనూ మొదటి రోజు అదే అడిగాను. ప్రాణం బయటికి వెళ్లడానికట. పాత ఆచారం. ఇప్పుడు నేనూ తెరుస్తున్నాను" అంది.

ఆ పిల్ల ఇంకో ప్రశ్న అడగబోతుంటే గంట కొట్టారు. మా మేనకోడలు హెడ్మాస్టరుగారి వైపు చూసి, "ఒక్క నిమిషం సార్, అడగనివ్వండి" అంది.